ఏ వంటింటికి?

"రెండు బర్నర్ల స్టవ్వా? ఎందుకమ్మా అది?" అంది చారింగ్. ఆ స్టవ్వేదో నడిబజార్లో తనను వెక్కిరించినట్టు మొహం పెట్టింది.

లిగాయాకి పొద్దుటి నుంచీ చెప్పి చెప్పి గొంతు ఆర్చుకుపోయింది. అన్నం వండే కుక్కర్ దగ్గర చెప్పింది, ఇనప మూకుడు దగ్గర చెప్పింది, ఆఖరికి కూరలు తరిగే చెక్కపీట దగ్గర కూడా చెప్పింది. ఆ మూడూ కాబోయే అత్తగారి దయవల్ల అలమార్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు స్టవ్ వంతు వచ్చింది.

లిపా ఊళ్లో అన్నిటికన్నా పెద్ద దుకాణం అది. మూడో అంతస్తంతా వంటింటి సామాన్లే. పెళ్లికొచ్చేవాళ్లు ఇవ్వబోయే కానుకలు పెళ్లివారే ముందుగా ఎంచుకుని దుకాణంలో రాయించుకునే పద్ధతి ఒకటి ఈ మధ్య ఆ ఊళ్లో బాగా పట్టుబడింది. చేతిలో ఇమిడే చిన్న యంత్రం ఒకటిస్తారు. నచ్చిన వస్తువు మీద పెట్టి నొక్కితే కీచుమంటుంది, వస్తువు పెళ్లికూతురి ఖాతాలో చేరుతుంది. తర్వాత చుట్టాలు వచ్చి వాటిల్లోంచి తలొకటి కొనుక్కుపోతారు. ఒకే రకం కప్పులు నలుగురు తెచ్చి పడేసే బాధ ఉండదు.

ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే ఆ యంత్రం పెళ్లికూతురి చేతిలో ఉండాలి. లిగాయాకి అందకుండా చారింగ్ దాన్ని తన చేతిసంచీ పట్టీకి తగిలించుకుంది. ఆ ఊరి ఆచారం ప్రకారం పెళ్లి ఖర్చు మగపెళ్లివారిది కాబట్టి యంత్రం కూడా మగపెళ్లివారిదేనని ఆవిడ లెక్క.

"వంట చేసుకోడానికి మమ్మీ," అంది లిగాయా చివరికి. పెళ్లిమాటలు కుదిరిన పూటే తనను మమ్మీ అని పిలవమని చారింగ్ ఆజ్ఞాపించింది. ఇంకా ఆ పిలుపు నాలుక్కి అలవాటు పడలేదు.

"వంటకని స్టవ్ ఎవరన్నా అడుగుతారా? ఇచ్చేవాళ్లు ఏమనుకుంటారు? పాపం, పిల్లకి పొయ్యి కూడా లేదు కామోసు అనుకోరూ?"

"లేదు కదా మరి?"

"నువ్వూరుకో. అడిగే వస్తువు మర్యాదగా ఉండాలి. ఇదిగో ఈ గాజుపాత్ర చూడు, చుట్టూ కప్పులు వేలాడుతూ. పళ్లరసం పోసి మధ్యలో పెడితే బల్ల వెలిగిపోదూ?"

కీచుమంది.

"మా ఇద్దరికీ ఇన్ని కప్పులెందుకు మమ్మీ?"

"ఇద్దరే ఏంటి?" అంది చారింగ్. అని, తెల్లటి పింగాణీ పళ్లేల వైపు నడిచింది.

అప్పుడే నిలేసి అడగాల్సింది. కానీ లిగాయాకి ఒళ్లు మండుతోంది, ఒళ్లు మండినప్పుడు అసలు మాట చెవిన పడదు. ఇప్పటికే ఖాతాలో చేరినవి ఆమె కళ్ల ముందు తిరుగుతున్నాయి. వెండిపూత గరిటెల పెట్టె, కేకు పిండి కలిపే ఎర్ర యంత్రం, విందుల్లో కింద దీపం పెట్టి కూర వేడిగా ఉంచే మూతల పాత్ర. లిగాయా తన జన్మలో కేకు చేసి ఎరగదు. విందులిచ్చే ఉద్దేశం అంతకన్నా లేదు.

ఆమెకి కావలసింది స్టవ్. రెండు బర్నర్లది. ఎందుకంటే, పాసింగ్ అనే పెద్దావిడ మేడ మీద తనూ, పెళ్లికొడుకు రోడెల్ కలిసి చూసుకున్న అద్దె ఇంట్లో వంటగట్టు మీద అంతకన్నా పట్టదు. ఆ రోజు లిగాయా జానలతో కొలిచి మరీ చూసుకుంది. ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంది. కిటికీలోంచి పక్కవాళ్ల జామచెట్టు కనిపిస్తుంది. తలుపు కూడా ఉంది. లోపల గడియ పెట్టుకోవచ్చు.

తలుపున్న వంటిల్లంటే లిగాయాకి ఎంత మోజో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. వాళ్లమ్మ రోడ్డు పక్కన తిండికొట్టు నడుపుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లిగాయా వండింది ఆ గోడల్లేని వంటింట్లోనే. దారిన పోయే ప్రతివాడూ మూత ఎత్తి చూసేవాడే, ఉప్పు తగ్గిందని చెప్పేవాడే. బళ్లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక కూడా పొద్దున్నే ఊరందరికీ గంజి కాచి పోసి గానీ బడికి వెళ్లలేదు. ఇద్దరికి సరిపడా చిన్న గిన్నెలో, తలుపు మూసుకుని, ఎవరూ మూత ఎత్తకుండా వండాలని ఆమె కోరిక. పక్కలో పడుకుని, ఊహల్లోనే ఆ ఇంట్లో ఇప్పటికే ఎన్ని కూరలు వండేసిందో.

"రోడెల్, నువ్వు చెప్పు," అంది.

రోడెల్ డబ్బా మూతలు తీసే చిన్న పరికరం ఒకటి పట్టుకుని, అందులో వేదాంతమేదో దాగున్నట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. పిల్లవాడు మంచివాడు. ఎవరి మనసూ నొప్పించడు. అందరి దగ్గరా అంత మంచివాడుగా ఉంటే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుందని అతనికి ఇంకా తెలీదు.

"రెండూ బాగానే ఉన్నాయి," అన్నాడు.

"ఏ రెండు?"

"అదే... స్టవ్వూ, గాజుపాత్రా."

లిగాయా స్టవ్ పక్కనున్న చీటీ చింపుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల వెనక నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి అన్నీ కంప్యూటర్‌లో ఎక్కిస్తోంది. "ఇది కూడా రాయమ్మా," అని చీటీ ముందు పెట్టింది. వెనకే చారింగ్ వచ్చేసింది.

"సరే మేడమ్," అంది ఆ అమ్మాయి నవ్వుతూ. ఊళ్లో ప్రతి పెళ్లికూతురినీ అడిగే మాటే అడిగింది. "వీటిని క్లీన్ కిచెన్ కింద రాయమంటారా, డర్టీ కిచెన్ కిందా?"

అక్కడ కాస్త కలిగిన ప్రతి ఇంటికీ వంటిళ్లు రెండు. ముందుది నలుగురికీ చూపించుకోడానికి, వెనకది వండుకోడానికి. వెనకదాన్ని డర్టీ కిచెన్ అంటారు గానీ అందులో తప్పుగా ఎవరూ అనుకోరు. కొనే గిన్నె ఏ వంటింటిదో తెలిస్తే నాణ్యం ఆ ప్రకారం చూపిస్తారు.

"మాది ఒక్కటే వంటిల్లమ్మా, అన్నీ ఒకచోటే రాసెయ్," అంది లిగాయా.

"అన్నీ క్లీన్ కిచెన్‌కే రాయమ్మా, వెనక వంటింటికి అన్నీ ఉన్నాయి," అంది చారింగ్.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఆ అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తల వంచుకుని, లేని పనేదో కల్పించుకుని బల్లసొరుగు తీసింది.

"ఏ వెనక వంటిల్లు మమ్మీ?"

"మనిల్లే తల్లీ. ఇంకెవరిల్లు?"

"పాసింగ్ గారి మేడ మీద వెనక వంటిల్లు లేదు."

చారింగ్ కొడుకు వైపు తిరిగింది. ఆవిడ కళ్లల్లో కోపం లేదు, నిజంగా ఆశ్చర్యమే ఉంది. "నువ్వింకా చెప్పలేదట్రా?"

రోడెల్ నీళ్లు నమిలాడు. "చెబుదామనే అనుకున్నా మమ్మీ. సందర్భం..."

"సరే, ఇప్పుడు చెప్పు. నేను కర్టెన్లు చూసొస్తా," అంది చారింగ్. యంత్రం పట్టుకునే వెళ్లింది.

* * *

బియ్యం పోసుకునే డబ్బాల వరస చివర, ఎవరూ లేని మూలకి లిగాయా అతన్ని తీసుకెళ్లింది. అతను ఆ మూతల పరికరాన్ని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. ఆమె లాక్కుని డబ్బాల మీద పెట్టింది.

"చెప్పు."

"పాసింగ్ గారికి ఇల్లు వద్దని చెప్పేశాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్న మనిద్దరం నూడుల్స్ తినడానికెళ్లాం కదా. కిటికీకి ఏ రంగు తెర కావాలని నువ్వే కదా నన్నడిగావు?"

"అడిగాను."

"అప్పటికి ఇల్లు వద్దని చెప్పేశావా, ఇంకా చెప్పలేదా?"

రోడెల్ నేల చూపులు చూశాడు.

"చెప్పేశాక తెర ఏ కిటికీకి అడిగావు రోడెల్?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు లిగా. పాడుచెయ్యడం ఎందుకని..."

లిగాయాకి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు రావడం మంచిది కాదని తెలుసు, అయినా వచ్చింది. ఆ సాయంత్రం ఆకుపచ్చ బాగుంటుందని తను ఎంతసేపు చెప్పిందో గుర్తొచ్చింది. అతను తలూపుతూ విన్నాడు. లేత ఆకుపచ్చా, ముదురు ఆకుపచ్చా అని కూడా అడిగాడు.

"మమ్మీ అడిగిందా, మా దగ్గరే ఉండండీ అని?"

"అడగలేదు."

"మరి?"

"అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మేస్త్రీని పిలిపించి వెనక వంటింటికి కొత్త రేకులేయించింది. సున్నం కొట్టించింది. అన్నీ అయ్యాక నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. 'నీ పెళ్లాం కోసం' అంది. ఆవిడ మొహం చూస్తూ వద్దని ఎలా అనమంటావ్?"

"వద్దని."

"అంత తేలికా?"

"నాకు తేలిగ్గానే అన్నావుగా? అనకుండానే అనేశావుగా?"

"ఒక్క ఏడాది లిగా. నాన్న ఓడ మీంచి సెలవుకి వచ్చేదాకా. అప్పుడు ఆయనే మమ్మీకి చెబుతాడు."

"మీ నాన్న ఓడెక్కిందే ఆవిడకి చెప్పలేక," అంది లిగాయా. అన్నాక కాస్త ఎక్కువయిందనిపించింది. కానీ రోడెల్ కాదనలేదు. అది చూసి ఇంకా నీరసం వచ్చింది.

పెళ్లి అడగడానికి పోయినవారం పెద్ద పెద్ద పాత్రల నిండా వంటకాలతో చారింగ్ లిగాయా వాళ్లింటికి వచ్చినప్పుడు ఆమె తల్లి చేతులు పట్టుకుని, "మా ఇంటికి కూతురొస్తోంది" అంది. అందరి కళ్లూ చెమర్చాయి. అది మర్యాదకి అనే మాటనుకున్నారు అందరూ. ఆవిడ మర్యాదకి అనలేదు. ఇల్లంటే ఇల్లే అంది. అర్థం కానిది వీళ్లకి.

"నేనా వంటింట్లో వండను రోడెల్."

"చూడకుండానే అంటావేంటి?"

"మాట్లాడుకోడం అయిందా?" అంటూ చారింగ్ వచ్చింది. చంకలో కర్టెన్ గుడ్డ ముక్కలున్నాయి. "ఆకలేస్తోంది. చేపల కుండ సన్నసెగ మీద పెట్టొచ్చాను, ఈపాటికి పులుసంతా ముక్కలకి పట్టుంటుంది. ఇంటికి పదండి, తినొచ్చి మిగతావి చూసుకుందాం. స్టవ్ మాత్రం తీయించేశాను తల్లీ. అనవసరం."

లిగాయా ఇంటికెళ్లిపోవచ్చు. వెళితే వాళ్లమ్మ గరిటె పట్టుకునే ఏమైందని అడుగుతుంది. కొట్టులో బల్లల దగ్గర కూర్చున్నవాళ్లంతా చెంచాలు ఆపి వింటారు. సాయంత్రానికి జీపుల స్టాండులో కూడా తెలిసిపోతుంది. అంతకన్నా, ఆ వంటిల్లేదో కళ్లారా చూడాలన్న మొండితనం ఒకటి పుట్టింది.

"పదండి," అంది.

* * *

కార్లో చారింగ్ ఒక్కతే మాట్లాడింది. కర్టెన్ల గురించి మాట్లాడింది, పెళ్లికి పెద్దలుగా నిలబడే నినాంగ్‌లలో ఎవరు ఏ కానుక ఇస్తే బాగుంటుందో మాట్లాడింది. "నినాంగ్ ఇచ్చింది కంటికి కనిపించాలమ్మా, ఇంటికొచ్చినవాళ్లు ఇదెవరిచ్చారని అడగాలి," అంది. రోడెల్ కారు నడపడం తప్ప వేరే ప్రపంచం లేనివాడిలా రోడ్డు చూశాడు. లిగాయా కిటికీలోంచి కాఫీ తోటలు చూసింది.

ఇల్లు పెద్దదే. ముందు గది దాటగానే వంటిల్లు. తెల్లటి పలకలు, తెల్లటి అలమార్లు, ఎక్కడా ఒక చుక్క నూనె మరక లేదు. మధ్యలో నాలుగు బర్నర్ల పెద్ద స్టవ్. దాని మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కప్పి, పైన కాగితం పూలకుండీ పెట్టారు.

"మా పెళ్లికి మా నినాంగ్ ఇచ్చింది," అంది చారింగ్. "ఒక్క గీత పడలేదు చూడు."

అలమార్లలో గాజు కప్పులు, పళ్లేలు, మూతల పాత్రలు వరసలు తీరి ఉన్నాయి. కొన్నిటికి దుకాణం వాళ్లు అంటించిన చీటీలు కూడా ఊడలేదు. లిగాయా వాటి వైపు చూస్తుంటే పొద్దున్న కీచుమన్నవన్నీ ఆ అరల్లో ఎక్కడెక్కడ సర్దుకుంటాయో కూడా తెలిసిపోయింది. కొన్ని అరలు ఖాళీగా తుడిచి ఉన్నాయి.

"నీవన్నీ ఇక్కడ పెడదామని," అంది చారింగ్ ఆ అరలు చూపించి. "ఇప్పుడిటు రా. అసలుది చూడు."

వెనక తలుపు తీస్తే పెరడు. పెరటి గోడకి ఆనుకుని ఆ వంటిల్లు. కొత్త రేకులు ఎండకి మెరుస్తున్నాయి. సున్నం వాసన ఇంకా పోలేదు. ఒక పక్క కట్టెల పొయ్యి, దాని మీద చేపల కుండ. ఇంకో పక్క గ్యాస్ పొయ్యి, నల్లగా మాడిన మూకుళ్లు. గోడకి కొత్త మేకు కొట్టి, దానికి ఉతికి ఇస్త్రీ చేసిన వంట ఏప్రన్ తగిలించారు. పైన చిన్న ఫ్యాను కూడా.

"నేనున్నప్పుడు ఈ ఫ్యాను లేదు," అంది చారింగ్. గొంతు మెత్తబడింది. "అత్తగారున్నన్నాళ్లూ నాకు ఈ వంటిల్లే. ముందు వంటింట్లోకి ఊడ్చి తుడవడానికి తప్ప రానిచ్చేది కాదు. అప్పుడు పాత రేకులు, అన్నీ చిల్లులే. వానొస్తే ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో కలిపేదాన్ని. రోడెల్ కడుపులో ఉన్నప్పుడు కూడా. నా కోడలికి ఆ కష్టం ఉండకూడదనుకున్నాను. అందుకే నువ్వు రాకముందే అన్నీ చేయించాను."

ఆవిడ తిట్టి ఉంటే లిగాయా తిరిగి తిట్టేది. వంక పెట్టి ఉంటే ఎదురు వంక పెట్టేది. ప్రేమగా చేయించి, చూడమ్మా అని చూపిస్తుంటే ఎవరి మీద అరవాలి? ఇందుకే రోడెల్ నోరు పెగల్లేదని ఒక్క క్షణం అర్థమయింది కూడా. అర్థమయినందుకు అతని మీద ఇంకా కోపం వచ్చింది.

"అత్తగారు పోయాక ముందు వంటిల్లు మీదయిందా మమ్మీ?"

"మరి? నాదే."

"అప్పుడైనా ఆ స్టవ్ మీద వండారా?"

చారింగ్ పకపకా నవ్వింది. "దాని మీద ఎవరన్నా వండుతారా? గోడలు పాడైపోవూ! ఇదుగో, ఈ ఎండుచేపలు వేయించు తల్లీ. నేనీలోగా ముందు గదిలో పళ్లేలు పెడతాను. మొదటిసారి నీ చేత్తో మొదలవనీ ఈ వంటిల్లు."

మేకు మీది ఏప్రన్ తీసి తనే లిగాయా మెడలో వేసింది. వెనక ముడి కూడా తనే వేసింది.

లిగాయా చేతిలో ఎండుచేపల పళ్లెం ఉంది. భయమేసింది. ఈవిడ మంచిది కాదనుకుంటే భయం ఉండేది కాదు, పోట్లాడితే సరిపోయేది. ఈవిడ మంచిదే. సొంత స్టవ్ మీద ఒక్కపూట వండుకోకుండా ఇన్నేళ్లు గడిపి, అదేదో వ్రతంలా చెప్పుకుంటోంది. రేపు తను కూడా ఇలాగే ఓ కోడలికి ఫ్యాను చూపిస్తూ నిలబడుతుందేమో. ఏడాదన్నాడు రోడెల్. ఈవిడకి మాత్రం పెళ్లప్పుడు ఎవరన్నా ఇన్నేళ్లని చెప్పారా?

ఆమె మూకుడు ఒకటి తీసుకుంది. నూనె సీసా తీసుకుంది. పెరడు దాటి ముందు వంటింట్లోకి నడిచింది.

పూలకుండీ తీసి కింద పెట్టింది. ప్లాస్టిక్ కప్పు ఒక్క లాగు లాగితే పటపటమంటూ ఊడొచ్చింది. మూకుడు పెట్టి, నూనె పోసి, మీట తిప్పింది.

ఏమీ రాలేదు. రెండో మీట తిప్పింది, మూడోది తిప్పింది. వంగి చూసింది. స్టవ్ వెనక గొట్టం ఖాళీగా వేలాడుతోంది. దానికి ఎప్పుడూ సిలిండరే తగిలించలేదు.

"లిగా! ఏం చేస్తున్నావక్కడ?" అని చారింగ్ ముందు గదిలోంచి కేకేసింది.

లిగాయా మళ్లీ వెనక్కి వెళ్లింది. గ్యాస్ పొయ్యికున్న సిలిండర్ ఊడదీసి, రెండు చేతులా పట్టుకుని లాక్కుంటూ వచ్చింది. పెరటి గుమ్మం దాటగానే తెల్లటి పలకల మీద దాని అడుగు గీసుకుంటూ చేసిన చప్పుడుకి ఇంట్లో అందరికీ పళ్లు జివ్వుమన్నాయి. చారింగ్ పరుగెత్తుకొచ్చి స్టవ్‌కి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"నీకేమన్నా మతిపోయిందా? ఎండుచేపలు ఈ వంటింట్లోనా? ఆ కంపు కర్టెన్లకి పట్టుకుంటే వదుల్తుందా?"

"ఉతుకుతాను మమ్మీ."

"అది మా నినాంగ్ ఇచ్చిన స్టవ్!"

"వండుకోమనే కదా ఇచ్చింది?"

చారింగ్ స్టవ్ వైపు చూసింది, దాని మీదున్న మాడు మూకుడు వైపు చూసింది. పెదవి ఒకసారి వణికింది. అంతలోనే సర్దుకుంది.

"ఇంత ప్రేమగా చేయిస్తే నా మొహాన కొడుతున్నావా? ఏం తక్కువ చేశాన్నీకు?"

"తక్కువ చెయ్యలేదు. నన్నడగలేదు, అంతే. నా వంటిల్లు ఎక్కడో ఒక్కరు నన్నడగలేదు. మీరు మేస్త్రీనడిగారు, మీ అబ్బాయి పాసింగ్ గారికి చెప్పాడు, ఆ దుకాణం పిల్ల ఒక్కతే ఏ వంటింటికని అడిగింది, దానికీ మీరే జవాబు చెప్పారు. నన్ను తప్ప అందర్నీ అడిగారు."

"రోడెల్!" అని కేకేసింది చారింగ్.

రోడెల్ అప్పటికే వాకిట్లోంచి వచ్చి చూస్తున్నాడు. ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో తెలీదు.

"ఆ సిలిండర్ తీసుకెళ్లి వెనక పెట్టు."

"రోడెల్, ఇటు తీసుకురా," అంది లిగాయా. "ఈ స్టవ్‌కి తగిలించు. లేదా కార్లో పెట్టు. ఎటన్నా సరే, నీ అంతట నువ్వు అనుకుని ఒక్క పని చెయ్యి."

రోడెల్ వచ్చి సిలిండర్ ఎత్తాడు. ఎత్తి గుమ్మం మీద నిలబడ్డాడు. తల్లి మొహం చూశాడు, లిగాయా మొహం చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ కాళ్లు కదల్లేదు.

"ముందు అన్నం తిందాం," అన్నాడు. "తిన్నాక..."

లిగాయా మెడలోంచి ఏప్రన్ తీసి, దానికే చేతులు తుడుచుకుని, సంచీలోంచి ఫోన్ తీసింది. పాసింగ్ పేరు వెతికి నొక్కింది.

పాసింగ్‌కి చెవుడు. తనకి వినపడనిది అవతలివాళ్లకీ వినపడదని ఆవిడ నమ్మకం. ఫోన్లో ఆవిడ గొంతు వంటిల్లంతా వినిపించింది.

"ఎవరూ?"

"నేనండీ, లిగాయాని. మేడ మీద ఇల్లు ఇంకా ఉందా అండీ?"

"ఉందమ్మా. మీవాడు వద్దన్నాడుగా? రేపు పొద్దున్నెవరో చూడ్డానికొస్తామన్నారు."

"ఆయన వద్దన్నాడు. నేను వద్దనలేదు. నాకు కావాలండీ. ఎవరికీ చూపించకండి, నేనిప్పుడే వస్తున్నాను."

చారింగ్ చాచిన చేతులు మెల్లగా కిందికి దించింది. రోడెల్ "లిగా" అన్నాడు, వినిపించీ వినిపించనట్టు. ఆమె అతని వైపు తిరగలేదు.

"అలాగైతే మంచిదే!" అంది పాసింగ్. "పిల్లవి బుద్ధిమంతురాలివి, నీకిస్తే నాకూ నిశ్చింత. ఇంతకీ ఎంతమంది ఉంటారు? నీళ్ల తొట్టి దాన్నిబట్టి నింపించాలి. ఒక్కదానివేనా, ఇద్దరా?"

లిగాయా జవాబు చెప్పబోయి ఆగిపోయింది. అప్పుడు తిరిగి రోడెల్‌ని చూసింది. అతని వేళ్లు సిలిండర్ పిడి చుట్టూ బిగుసుకుని తెల్లబడ్డాయి. చారింగ్ కూడా కొడుకునే చూస్తోంది. ఈసారి ఆవిడ ఏమీ చెప్పలేదు.

"హలో, లైన్లో ఉన్నావా? ఎంతమందమ్మా?" అని మళ్లీ అడిగింది పాసింగ్.

లిగాయా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి రోడెల్ ముందుకి చాపింది.